గుడ్ల లెక్క

నోటీసు బోర్డు మీద పదిహేడు పేర్లు.
పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'స్లో లర్నర్స్'.
పద్నాలుగో పేరు ఈసం నాగమణి.
తాడ్వాయి అవతల బస్సు దిగినంక
రెండు వాగులు దాటాలె వాళ్ల ఊరికి.

ఆ లిస్టు నా చేతుల పెట్టి
"ఆరింటి నుంచి ఎనిమిదింటి దాక జర చెప్పమ్మా,
నువ్వూ అట్లనే వచ్చినదానివే గదా" అన్నడు సారు.
అట్లనే అంటే ఎట్లనో నేను అడగలే.
మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలీ.
నా డిగ్రీ పుస్తకాల నిండ మిర్చి ఘాటు,
తెరిచినప్పుడల్లా ముందు బెంచీ తుమ్మేది.

హనుమకొండల హాస్టల్ వరండా. కొట్టుకునే ట్యూబ్‌లైటు.
కాజీపేట దిక్కు నుంచి గూడ్సు కూత.
సగటు, మధ్యగతం, బాహుళకం అని రాసిన.
పదిహేడు తలలు బోర్డును గాక
నా చెప్పులను చూసినయి.
వారం తిరిగేసరికి తొమ్మిది మంది మిగిలిన్రు.
ప్రామాణిక విచలనం కాడ
నాగమణి నోట్సు మూసి
"అక్కా, ఇది ఎవలకు అక్కరొస్తది?" అన్నది.

నాకు జవాబు రాలే.
రాత్రంతా రాలే.

తెల్లారి ఆమెనే చెప్పింది, బట్టలు పిండుకుంట:
ఎండకాలం తునికాకు కల్లంల
వాళ్లమ్మ కట్టను అరచేతుల తూచి
యాభై ఆకులకు ఒక్కటి తక్కువున్నా పట్టేస్తదట.
కల్లేదారు మాత్రం వంద కట్టలు తీసుకొని
తొంభై ఆరు రాస్తడట.
ఒకనాడు తొంభై మూడు, ఒకనాడు తొంభై ఎనిమిది.
"అమ్మ మొత్తుకుంటది. రోజుకో తీరు చెప్తవేందే అంటరు.
కాయితం మీద లేంది లెక్కనే కాదట."
పిండిన చున్నీ తీగ మీద ఏసి
"రోజుకో తీరు ఉన్నదాన్ని గూడ కొలవొచ్చంటే
మల్ల చెప్పు" అన్నది.

ఆ నెల మేం పుస్తకం తెరవలే.

మెస్సుల సోమ, బుధ, శుక్రవారాలు గుడ్డు.
రిజిస్టర్ల నూట ఎనభై మూడు.
లైను ఆఖర్ల నిలబడ్డోళ్లకు ఉత్త పులుసు.
నాగమణి బియ్యం బస్తా మీద కూసోని
ప్లేటుకు ఒక గీత, ఐదో గీత అడ్డం.
నూట అరవై ఒకటి. నూట డెబ్బై. నూట యాభై ఎనిమిది.
పన్నెండు పూటలు.
బానోతు సునీత కూడింది. గాదె రవళి వర్గాలు గట్టింది.
వర్గమూలం కాడ తగువు పడి
అన్నం సల్లారే దాక కొట్లాడిన్రు.
నేను పక్కనే ఉన్న. నన్ను ఎవలూ అడగలే.
అంత సంతోషం నాకు ఎన్నడూ కాలే, నిజం చెప్తున్న.
సగటు నూట అరవై నాలుగు.
విచలనం ఐదు.

నెలాఖరు మీటింగుల
వార్డెన్, కాంట్రాక్టరు, ఫ్యాను కింద అధికారి.
నాగమణి లేచింది. మోకాళ్ల వణుకు
వెనక కూసున్న నాకు కనపడ్డది.
"పూటకు పంతొమ్మిది గుడ్లు తక్కువొస్తున్నయి సార్.
ఒక్కనాడు పగిలినయంటే నమ్ముతం.
పన్నెండు పూటల్ల ఒక్కసారన్న నూట ఎనభై దాటలే.
ఇది పగులుడు కాదు."

కాంట్రాక్టరు నవ్విండు.
"నువ్వెవరమ్మా, లెక్కల టీచరువా?"

"స్టాటిస్టిక్స్ ఫెయిలైన పిల్లను సార్," అన్నది
ఈసం నాగమణి, కాయితం టేబుల్ మీద పెట్టుకుంట.
ఫ్యాను గాలికి అది లేవబోతే
అధికారి తన నీళ్ల గ్లాసు దాని మీద పెట్టిండు.
అప్పుడు తెలిసింది, చదువుతడని.

సప్లిమెంటరీల ఆమెకు నలభై మూడొచ్చినయి.
పేపర్ల ఫోటో పడే మార్కు కాదు.
లిస్టు ఇంకా బోర్డు మీదనే ఉన్నది,
ఎండకు ఎర్ర సిరా వెలిసి గులాబీ రంగైంది.
పద్నాలుగో పేరు పక్కన ఎవలో పెన్సిల్‌తో
'మెస్ సెక్రటరీ' అని రాసిన్రు.

ఇప్పుడు ఆరింటికి చాక్‌పీసు ఆమె చేతుల.
నేను వెనక, గోడకు ఆనుకొని.
మొన్న ఒక కొత్త పిల్ల చెయ్యెత్తింది:
"ఇది ఎవలకు అక్కరొస్తది అక్కా?"
నాగమణి జవాబు చెప్పలే.
"నీకు రోజుకో తీరుగ వచ్చేది ఏమున్నది?" అన్నది.
పిల్ల బుగ్గ గోక్కుంది.
"పప్పు. ఒకనాడు చిక్కగ, ఒకనాడు నీళ్లు."

సోమవారం నుంచి గంటె కొలుస్తరట.